జారిన గేరు

ఆ మధ్య డల్లాసులో మా మేనల్లుడి ఇంట నెల్లాళ్ళున్నాను. వాడికి కారంటే ప్రాణం. ఇంజనుకు టర్బో బిగించి అశ్వశక్తి పెంచుకున్నాడు. గేర్లు మాత్రం కారుతో వచ్చినవే. వాటంతట అవే మారే రకం. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైలులో హైడ్రామాటిక్ వచ్చిన నాటినుంచీ అమెరికావారి ఎడమకాలికి సెలవే గదా!

ఒకనాడు హైవే ఎక్కబోతున్నాం. వెనక పెద్ద ట్రక్కు. వాడు యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను గోలపెట్టిందే గాని బండి ఊపందుకోలేదు. నా గుండె జారింది. ఎలాగో పక్కకు తీసి ఆపాడు.

"ఆయిలు తక్కువైందేమోరా?" అన్నాను, తెలిసినవాడిలా.

పుల్ల తీసి చూపించాడు. మట్టం సరిగ్గానే ఉంది. ఎర్రగా ఉండవలసిన ఆయిలు నల్లబడి, మాడువాసన కొడుతోంది.

"లోపలి క్లచ్చి పలకలు ఆయిలు ఒత్తిడితో ఒకదాన్నొకటి పట్టుకోవాలి, మామయ్యా. ఇంజను బలం ఆ పట్టును మించితే జారతాయి. జారితే వేడి, వేడికి మాడతాయి."

"ఆయిలు మారిస్తే?"

"మాడిన పలకలు తిరిగి రావుగా!"

ఇక నడపకుండా బండిని లాగించి షెడ్డుకు చేర్చాం. పలకలన్నీ మార్చవలసిందేనన్నాడు మెకానిక్కు. ఈసారి దిట్టమైనవి వేసి, ఆయిలుకు పెద్ద కూలరు పెడతానన్నాడు. "టర్బో కంటే ముందు చేయించవలసిన పని ఇది," అన్నాడు. మావాడు తల వంచుకున్నాడు.

ఆ రాత్రి ఫోనులో మా ఆవిడ, "అబ్బాయికి నాలుగో ట్యూషను కుదిరిందండీ," అంది సంతోషంగా.

"వద్దులే. ముందు వాణ్ణి కంటినిండా నిద్రపోనీ," అన్నాను.