ఆటయందు పెద్దఱికము

పిల్లలతో కూడి ఆడుట పెద్దలకు తగదని తలచువారు నేటికిని మనలో పలువురు కలరు. ఆడినను, పిల్లవానిని సంతోషపెట్టుటకై కావలెనని ఓడిపోవుటయే ప్రేమయని మఱికొందఱు తలంతురు. ఈ రెండభిప్రాయములును సరియైనవి కావని మా తలంపు. మాకీ సంగతిని నేర్పినది ఒక చిన్న ఆట. ఆ పాఠము కొంత సిగ్గుతో కూడినదే యైనను, తల్లిదండ్రులును విద్యార్థులును కలిసి చదువు నీ పత్రికలో దానిని చెప్పుట యుచితమని తోచినది.

అమెరికాలో నుద్యోగము చేయుచున్న మా తమ్ముడు వేసవి సెలవులకు కుటుంబముతో వచ్చినపుడు ఒక పెట్టెను తెచ్చెను. అందలి ఆట పేరు ఎక్స్-వింగ్. 1977లో వెలువడిన ‘స్టార్ వార్స్’ అను చలనచిత్రమునందలి వ్యోమనౌకలను చిన్న బొమ్మలుగా చేసి, ఆ దేశమందలి ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ అను సంస్థవారు 2012లో దీనిని వెలువరించిరి. రెండవ కూర్పు 2018లో వచ్చినది. మొదటి పెట్టెలో ఎక్స్-వింగ్ నౌక యొకటియు, టై ఫైటర్ నౌకలు రెండును ఉండును. అన్నియు అరచేతిలో నిముడునవే. మూడడుగుల పొడవును మూడడుగుల వెడల్పును గల చోటున్న చాలును, అదియే అంతరిక్షము.

ప్రతి నౌకకును అట్టతో చేసిన చక్రమొకటి కలదు. ఆ నౌక చేయగల గమనములన్నియు దానిపై ముద్రింపబడి యుండును: తిన్నగా పోవుట, కొంచెము వంగుట, గట్టిగా మలగుట మొదలగునవి. ప్రతి ఆవృత్తియందును ఆటగాండ్రందఱును తమ చక్రములను రహస్యముగా త్రిప్పి బోర్లించి పెట్టవలెను. పిదప ఒక్కొక్క చక్రమును తెఱచి, అది చూపిన గమనము చొప్పున కొలబద్దనుంచి నౌకను జరుపవలెను. నేర్పు తక్కువగల చోదకుడు ముందు కదలును. నేర్పరి తరువాత కదలి ముందుగా కాల్చును. కాల్చువాడు ఎఱ్ఱని పాచికలను, తప్పించుకొనువాడు పచ్చని పాచికలను వేయును. పాచిక కెనిమిది ముఖములు. నౌక బల్ల యంచు దాటినచో నశించినట్లే లెక్క.

గాలి లేని అంతరిక్షములో నౌకలు విమానములవలె మలగవని విజ్ఞానశాస్త్ర విద్యార్థు లాక్షేపింతురేమో, అది నిజమే. ఆ చిత్రమును తీసినవారు రెండవ ప్రపంచ యుద్ధమునాటి విమానపోరాటముల చిత్రములను చూచి ఆ దృశ్యములను కూర్చిరి. అందుచే ఆటయు నట్లే యున్నది.

ఇక మా సంగతి. తమ్ముడును, పదునొకండేండ్ల అతని కుమారుడును, మా పొరుగింటి మిత్రుడును, మేమును ప్రతి సాయంకాలము ఈ యాటకు కూర్చుండువారము. మూడవనాడు మేము చక్రమును కుడికి త్రిప్పబోయి ఎడమకు త్రిప్పితిమి. తెఱచి చూడగా మా నౌక బల్ల దాటిపోవుట తప్పదని తెలిసినది. “చేయి జారినది, మా యుద్దేశము కుడివైపే” యని చెప్పి చక్రమును మార్చుకొంటిమి. తమ్ముడు అన్నగారి మాట కెదురు చెప్పలేక చిరునవ్వు నవ్వెను. మిత్రుడు ఇంటికప్పు వంక చూచెను. తరువాతి ఆవృత్తిలో పిల్లవాడును అదే పొరపాటు చేసి చక్రముమీద చేయి వేయబోగా, “నియమము నియమమే” యని వారించితిమి. వాడు తన నౌకను మెల్లగా తీసి పెట్టెలో నుంచి, “పెదనాన్నా, నియమము చిన్నవాండ్రకేనా?” అని యడిగెను.

మేము బదులు చెప్పలేకపోతిమి. మఱునాడు వానిని పిలువగా చదువుకొనవలెననెను. ఆ మఱునాడును అదే మాట. పుస్తకము తెఱచియే యున్నది గాని పుట తిరుగలేదు. నాలుగవనాడు అందఱియెదుట మా తప్పు నొప్పుకొని, ఆటను మొదటినుండి మరల పెట్టుదమని యడిగితిమి. వాడు వచ్చెను. ఆనాడు మమ్ము ఏమాత్రమును ఉపేక్షింపక ఓడించెను. అంతటి సంతోషము మేము గెలిచిన యేనాటను పొందలేదు.

ఇంటను బడిలోను నియమములు పెట్టువారు పెద్దలే. తమకు తాము మినహాయింపు నిచ్చుకొనువారును పెద్దలే. పిల్లలు భయపడి లోబడుదురు గాని, నియమముపై నమ్మకమును మాత్రము లోలోపల విడిచెదరు. బోర్లించిన ఆ చక్రమునకు పెదనాన్న యెవరో, పిల్లవాడెవరో తెలియదు. తాను చేసిన నిర్ణయమునకు తానే బద్ధుడగుట పెద్దవాడు చేసి చూపినగాని పిల్లవానికి పట్టువడదు. కావలెనని ఓడిపోవుటయు అట్టి దోషమే. అదియు పెద్దఱికముచేత నియమమును ప్రక్కకు నెట్టుటయే. పిల్లలు దానిని ఇట్టే కనిపెట్టుదురు. పిల్లవానికి సాయము చేయ దలచినచో, ఈ యాటలో నౌకలకు విలువ లేర్పడి యున్నవి గనుక, ఆటకు ముందే బాహాటముగా పెద్దవాడు తక్కువ విలువగల దళమును తీసికొనవచ్చును.

యుద్ధపు టాటలు పిల్లలకు తగవని కొంద ఱనవచ్చును. ఆంగ్ల రచయితయైన హెచ్. జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికుల యాటకు నియమములు వ్రాసి, నిజమైన యుద్ధముకంటె ఈ చిన్న యుద్ధ మెంత మేలో ఆ గ్రంథమందే వాదించెను. మఱుసటి యేటనే ఐరోపాలో మహాయుద్ధము పుట్టినది. బల్లమీది పోరాటములో ఓడినవాడు తన నౌకలను పెట్టెలో సర్దుకొని అన్నమునకు లేచును. ఆ భేదమును పిల్లలకు చెప్పుట పెద్దల పని.

వ్యయము మాట నిజమే; ఈ బొమ్మలు చవుకవి కావు. అదిగాక 2024లో ఈ యాటకు క్రొత్త భాగములను చేయుట నిలుపుచున్నట్లు దాని నిర్వాహకులు ప్రకటించిరి. ఐనను విచారింప నక్కఱలేదు. ఇంగ్లండులో పుట్టిన ఫుల్ థ్రస్ట్ అను అంతరిక్ష యుద్ధక్రీడలో ఆటగాండ్రు తమ గమనములను కాగితముపై రహస్యముగా వ్రాసికొని, ఒక్కసారిగా జరుపుదురు. నౌకలకు మాఱుగా చొక్కా గుండీల నుంచినను ఇట్టి యాట సాగును.

తల్లిదండ్రులారా, సెలవులలో ఒక సాయంకాలము పిల్లలతో బల్లచుట్టు కూర్చుండుడు. గెలిచిన గెలువుడు, ఓడిన ఓడుడు, కాని తెఱచిన చక్రమును మాత్రము మార్చకుడు. విద్యార్థులారా, పెద్దలు పొరపడి ఒప్పుకొన్ననాడు వారిని మరల ఆటకు రానిండు. మా యింట నొక పిల్లవాడు అట్లు రానిచ్చెను. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయగలిగితిమి.