ఏ దేశపు విడాకులు ఎవరికి చెల్లుతాయి?

మా సంస్థకు వచ్చే కొందరు స్త్రీల చేతుల్లో ఒక కవరు ఉంటుంది. పైన అమెరికా తపాలా ముద్ర, లోపల ఇంగ్లీషులో నాలుగైదు కాగితాలు. "ఇవేమిటో చూడండి మేడమ్, మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు" అంటారు. చూస్తే అవి విడాకుల డిక్రీ. ఆమె ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్లో, ఆమె ముఖం చూడని జడ్జి ఆమె పెళ్లిని రద్దు చేశాడు. ఆ పెద్దమనిషి మళ్లీ పెళ్లిచూపులకు వస్తున్నాడన్న కబురు కూడా చుట్టాల ద్వారా అప్పటికే ఆమెకు చేరి ఉంటుంది. ఆమె అడిగేది ఒక్కటే: "నేనింకా అతని భార్యనేనా, కాదా?"

నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని, లాయర్ని కాను. అయినా ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి చట్టం పుస్తకాలు తిరగేయక తప్పలేదు. అక్కడ తేలిందేమిటంటే, ఒకే స్త్రీ ఒక దేశంలో మాజీ భార్య, ఇంకో దేశంలో భార్య. ఈ సందు పురుషుడికి రాజమార్గమైంది. అక్కడి డిక్రీ చూపించి కొత్త భార్యకు వీసా తెచ్చుకుంటాడు. ఇక్కడి స్త్రీ పెళ్లయినదీ కాదు, కానిదీ కాదు అన్న స్థితిలో మిగిలిపోతుంది.

ఈ విషయంలో దేశమంతటికీ దారి చూపిన తీర్పు మన తెలుగు నేల మీద పుట్టిన కేసులోదే. 1975లో తిరుపతిలో పెళ్లయింది. 1978లో భార్యాభర్తలు విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, తాను 90 రోజులకు పైగా అక్కడి నివాసినని చెప్పి విడాకుల దావా వేశాడు. అదే మనిషి తిరుపతి సబ్‌కోర్టులో వేసిన పిటిషనులో మాత్రం లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ నివాసినని రాసుకున్నాడు. ఆ అమెరికా కోర్టుకు తన మీద అధికారం లేదని అభ్యంతరం చెబుతూనే భార్య జవాబు పంపింది. ఆమె లేకుండానే 1980 ఫిబ్రవరిలో డిక్రీ వచ్చింది. 1981 నవంబరులో అతను యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం నేరం కింద ఫిర్యాదు చేసింది.

పదేళ్ల తర్వాత, 1991 జూలై 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సుప్రీం కోర్ట్ కేసెస్ 1991 మూడో సంపుటి, 451వ పేజీలో ఉంది. మన కార్యకర్తలందరూ దగ్గర పెట్టుకోవలసిన తీర్పు. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ప్రకారం అధికారం ఉన్న కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద ఇస్తేనే విడాకులు చెల్లుతాయన్నది అందులోని మూలసూత్రం. దానికి మూడు మినహాయింపులు ఉన్నాయి. దావా ఎవరి మీద వేశారో ఆ వ్యక్తి స్థిరంగా నివసించే చోట దావా పడి, కారణం కూడా మన చట్టం ఒప్పుకునేదై ఉండటం ఒకటి. ఆ వ్యక్తి తనంత తానుగా ఆ కోర్టుకు లోబడి, మన చట్టం ఒప్పుకునే కారణం మీద నిజంగా వాదించి ఉండటం రెండోది. విడాకులకు సమ్మతించి ఉండటం మూడోది. తిరుపతి స్త్రీ విషయంలో ఈ మూడింటిలో ఏదీ లేదు. మిస్సోరి కోర్టు చూపిన కారణం, వివాహం తిరిగి అతకలేనంతగా విచ్ఛిన్నమైందన్నది, హిందూ వివాహ చట్టంలోని విడాకుల కారణాల్లో నేటికీ లేదు. అందువల్ల ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని, ద్విభార్యత్వం కేసు నడపవలసిందేనని కోర్టు చెప్పింది.

అంతకుముందే 1974లో, అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఒక భర్త తప్పుడు నివాసం చూపి తెచ్చుకున్న విడాకులను ఇదే సుప్రీంకోర్టు మోసమని తోసిపుచ్చింది. అంటే అర్ధ శతాబ్దంగా మన దేశంలో న్యాయం స్పష్టంగానే ఉంది. అయినా కవర్లు ఎందుకు వస్తూనే ఉన్నాయి?

ఎందుకంటే కొత్త భార్యకు వీసా అడిగేచోట ఈ తీర్పు ఎవరికీ పట్టదు. అమెరికాలో పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నవాడైనా భార్యను స్పాన్సర్ చేయాలంటే, తన పాత పెళ్లిళ్లన్నీ చట్టప్రకారం ముగిశాయని రుజువు పెట్టాలి. అక్కడి రాష్ట్రం కోర్టు ఇచ్చిన డిక్రీయే ఆ రుజువు. కొత్త పెళ్లి ఎక్కడ జరిగిందో అక్కడి చట్టం ప్రకారం చెల్లాలన్నది కూడా అమెరికా వలస చట్టంలో సాధారణ సూత్రమే. ఆ లెక్కన యాదగిరిగుట్టలో జరిగిన పెళ్లి మన చట్టం ముందు నిలవాలి. కానీ మొదటి భార్య ఇంకా భార్యగానే ఉందని ఆ బల్ల దగ్గర చెప్పేవాళ్లెవరు? దరఖాస్తు అతనిది, డిక్రీ అతనిది, ఇంటర్వ్యూ కొత్త భార్యది. మొదటి స్త్రీకి ఆ గదిలో కుర్చీ లేదు.

కెనడాలో అయితే, వేరే దేశపు విడాకులను గుర్తించడానికి దంపతుల్లో ఎవరో ఒకరు దావాకు ముందు ఆ దేశంలో ఏడాదిపాటు నివసించి ఉంటే చాలునని అక్కడి విడాకుల చట్టం చెబుతుంది. ఆ ఒకరు భర్త కావచ్చు. మోసం జరిగిందని, నోటీసే అందలేదని కోర్టుకు వెళ్లి నిరూపిస్తే కథ వేరు. చిత్తూరు జిల్లాలో ఉన్న స్త్రీ ఆ పని ఎలా చేయగలదు?

మరి కొత్తగా పెళ్లి చేసుకున్న స్త్రీ సంగతి? ఆమెను మనం శత్రువుగా చూడటం అలవాటు. తిరుపతి కేసులో నిందితుల్లో రెండో స్త్రీ కూడా ఉంది. పెళ్లికొడుకు వాళ్లు డిక్రీ చూపించారు, దాని మీద కోర్టు సీలు ఉంది, ఆమె తల్లిదండ్రులు అప్పో సప్పో చేసి పెళ్లి చేశారు. మొదటి పెళ్లి ఇక్కడి చట్టంలో బతికే ఉంటే హిందూ వివాహ చట్టం 11వ సెక్షను ప్రకారం ఈ పెళ్లి మొదటినుంచీ చెల్లదు. 16వ సెక్షను పిల్లలను సక్రమ సంతానంగా గుర్తిస్తుంది, అంతవరకు నయం. భార్యగా ఆమెకు రావలసిన హక్కులు మాత్రం గాలిలో దీపమే. ఒకే కాగితం ఇద్దరు స్త్రీలను ముంచుతోంది. కాబట్టి ఆ కాగితం గురించి అడగడం ఇద్దరి పక్షానా నిలబడటమే.

విదేశీ విడాకులు ఏవీ చెల్లవని చట్టం చేస్తే సరిపోతుంది కదా అని మనలోనే కొందరు అంటారు. 1994లో మరో కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఇలాంటి సూచనే చేసింది. ప్రవాస భారతీయుడితో ఇక్కడ జరిగిన పెళ్లిని విదేశీ కోర్టు రద్దు చేయకూడదంటూ చట్టం తెచ్చే విషయం ఆలోచించమంది. దాని వెనక ఉన్న సానుభూతిని గౌరవిస్తాను. కానీ ఆ సూచనతో ఏకీభవించలేను. న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో దెబ్బలు తిని, బయటపడి, అక్కడి కోర్టులోనే విడాకులు తీసుకున్న మన ఆడపిల్లల మాటేమిటి? ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంటే, విడిచి వచ్చినవాడికే ఆమెను మళ్లీ కట్టేసినట్టవుతుంది. ఆమె ఇంకో పెళ్లి చేసుకుంటే నేరస్థురాలవుతుంది. స్త్రీని కాపాడే పేరుతో పెళ్లిని కాపాడే చట్టాలు మనకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

కాబట్టి అడగవలసింది డిక్రీ ఏ దేశానిదని కాదు. అవతలి మనిషి మాట విన్నారా అని అడగాలి. నోటీసు ఆమెకు అర్థమయ్యేలా, టైముకు అందిందా? వెళ్లి వాదించుకునే స్తోమత ఆమెకు ఉందా? 1991 తీర్పులోనే ఒక మంచి మాట ఉంది. దూరదేశంలో వాదించడం అవతలివారికి కష్టమైతే, ప్రయాణానికి, బసకు, కోర్టు ఖర్చులకు దావా వేసినవారి చేతే ఏర్పాటు చేయించాలని. ఈ మాటను మనం చాలినంతగా వాడుకోలేదు.

1976లోనే లా కమిషన్ తన 65వ నివేదికను విదేశీ విడాకుల గుర్తింపు మీద ఇచ్చింది. 2019 ఫిబ్రవరిలో ప్రవాస భారతీయుల పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ బిల్లు రాజ్యసభకు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ 287వ నివేదిక సమగ్ర చట్టం కావాలని చెప్పేనాటికి కూడా అది చట్టం కాలేదు. బిల్లులో పాస్‌పోర్టు జప్తు గురించి ఉంది, సమన్లు వెబ్‌సైటులో పెట్టడం గురించి ఉంది. ఏ విదేశీ డిక్రీ చెల్లుతుంది, ఏది చెల్లదన్న అసలు సంగతి లేదు. రాబోయే చట్టంలో అది ఉండాలని మనం పట్టుబట్టాలి. విదేశీ డిక్రీ చూపి ఇక్కడ మళ్లీ పెళ్లి రిజిస్టరు చేయించుకునేవాళ్ల దగ్గర, మొదటి భార్యకు నోటీసు అందిందన్న రుజువు, ఆమె వాదించిందో సమ్మతించిందో తెలిపే కాగితం రిజిస్ట్రారు అడగాలి. స్పాన్సర్ చేసేవాడిని విదేశీ వీసా ఆఫీసులు కూడా ఇదే అడగాలని మన ప్రభుత్వం ఆ దేశాలతో మాట్లాడాలి.

అందాకా మన దగ్గరకు కవరు పట్టుకొచ్చిన స్త్రీకి కొన్ని సంగతులు వెంటనే చెప్పాలి. నోటీసు వస్తే మూలన పడేయవద్దు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టవద్దు, అది సమ్మతి కింద లెక్కకు రావచ్చు. ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోవడం లేదని లాయరు ద్వారా రాసి పంపి, నకలు దాచుకోవాలి. 2003 సవరణ తర్వాత హిందూ వివాహ చట్టం కింద భార్య తానుంటున్న ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. మనోవర్తికి, 2005 గృహహింస చట్టం కింద రక్షణకు ఇక్కడి కోర్టుకే వెళ్లవచ్చు. ఇప్పుడు ద్విభార్యత్వం భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను కింద నేరం. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రవాస భారతీయుల విభాగం ఉంది, అక్కడా ఫిర్యాదు చేయవచ్చు. ఆమెకే ఆ పెళ్లి వద్దనిపిస్తే, ఏకపక్షంగా వచ్చిన ఆ డిక్రీని నమ్ముకుని మళ్లీ పెళ్లికి సిద్ధపడకుండా, ముందు ఇక్కడి కోర్టులో తన విడాకులు తాను తీసుకోవడం క్షేమం.

ఇక ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. సంబంధం కుదిరినప్పుడు అబ్బాయి జీతం ఎంత, వీసా ఏది అని అడుగుతున్నాం. రెండో పెళ్లివాడైతే డిక్రీ కూడా చూపించమంటున్నాం. ఇంకొక్క ప్రశ్న కలుపుదాం: "ఆ అమ్మాయి ఏ ఊళ్లో ఉంది? ఒకసారి ఆమెతో మాట్లాడవచ్చా?" డిక్రీ నిజంగా ఆమె మాట విని ఇచ్చిందే అయితే, ఆ ప్రశ్నకు అబ్బాయి తరఫువాళ్లు వెనకాడవలసిన పని లేదు.