చదవకుండా సంతకం పెట్టం!

తోటి డ్రైవర్లారా, నావిగేటర్లారా, వాళ్ల తల్లిదండ్రులారా!

మొన్న ఆదివారం హైదరాబాద్ శివార్లలో జరిగిన ఆటోక్రాస్‌లో కారు బోల్తా పడి మనవాడొకడి తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో బ్లడ్ గ్రూప్ అడిగితే నిర్వాహకులు నోరెళ్లబెట్టారు. వాళ్ల ఎంట్రీ ఫారంలో ఆ గడే లేదు. ఇంటివాళ్ల ఫోన్ నంబరూ లేదు. 'ఏం జరిగినా మాకు సంబంధం లేదు' అనే ఇండెమ్నిటీ బాండు మాత్రం సాయంత్రానికల్లా బయటికి తీశారు. పక్క సీట్లో ఉన్న నావిగేటరు చేతయితే అసలు ఏ కాగితం మీదా సంతకం తీసుకోలేదు.

ఆ బాండు మీద సంతకాలు ఎలా పడతాయో మనకు తెలియనిదా? పొద్దున్నే కార్ల తనిఖీ (స్క్రూటినీ) క్యూ. హెల్మెట్ చంకలో ఉంటుంది, ఇంజిన్ నడుస్తూ ఉంటుంది. ఒకాయన వచ్చి బానెట్ మీద ఇంగ్లిష్ కాగితాలు పెట్టి, ఆఖరి పేజీ తిప్పి 'ఇక్కడ, ఇక్కడ' అని వేలు పెట్టి చూపిస్తాడు. చదువుతానంటే వెనక నుంచి హారన్లు. కాపీ అడిగితే 'తర్వాత ఇస్తాం' అంటారు, ఇచ్చిన పాపాన పోరు. ఎంట్రీ ఫీజు వారం ముందే ఆన్‌లైన్‌లో కట్టించుకునేవాళ్లకు ఈ కాగితం వారం ముందు పంపడం చేతకాదా? పైగా క్లబ్బుకో తీరు. ఒక క్లబ్బు కాంపిటీషన్ లైసెన్సు, డాక్టరు సర్టిఫికెట్ అడుగుతుంది. ఇంకో క్లబ్బు ఆధార్ జిరాక్సుతో సరిపెడుతుంది. మరోచోట వాట్సాప్‌లో పేరు పెడితే చాలు.

మీ కారు బీమా పాలసీ తీసి చూడండి. రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు వర్తించదని అందులో రాసి ఉంటుంది. స్టార్ట్ లైన్ దాటాక మన బీమా పనిచేయదు. బాండు చూపించి నిర్వాహకులూ చేతులు దులుపుకుంటారు. ఇక మన ఇంటివాళ్లకు దిక్కెవరు?

2023 జనవరిలో చెన్నై ట్రాక్‌పై జాతీయ పోటీల్లో 59 ఏళ్ల సీనియర్ డ్రైవరు చనిపోయారు. ఆగస్టులో అదే ట్రాక్‌పై 13 ఏళ్ల బైక్ రేసర్ చనిపోయాడు. జాతీయ పోటీల్లోనే ప్రాణాలు దక్కనప్పుడు, మట్టి మైదానంలో తాడు కట్టి నడిపే పోటీకి ఎంత జాగ్రత్త కావాలి?

పిల్లల చేత బాండ్లు రాయించుకునేవాళ్లు వినండి: మైనర్ చేసిన ఒప్పందం చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. పెద్దవాళ్లదైనా, ప్రజాప్రయోజనానికి విరుద్ధమైన ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మంటలార్పే సిలిండరు కూడా పెట్టకుండా పోటీ నడిపి, ఆ నిర్లక్ష్యాన్ని మన సంతకంతో కడిగేసుకుంటామంటే ఊరుకోం.

రూల్స్ పెరిగితే చిన్న క్లబ్బులు మూతపడతాయట! కాగితం ముందు పంపడానికి ఖర్చెంత?

అన్ని క్లబ్బులకూ ఒకటే ఫారం కావాలి, అది తెలుగులోనూ ఉండాలి. అందులో బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు, పోటీకి తీసుకున్న బీమా పాలసీ నంబరు ఉండి తీరాలి. నావిగేటరుకీ అదే ఫారం ఇవ్వాలి. సంతకమైన కాపీ అక్కడికక్కడే మన చేతికి రావాలి.

వచ్చే పోటీకి డబ్బు కట్టేముందే బాండు, పాలసీ పంపమని అడగండి. పంపకపోతే కట్టకండి. గేటు దగ్గర కాగితం చేతిలో పెడితే కారు పక్కకు తీసి ప్రతి పేజీ చదవండి. వెనకున్నవాళ్లూ దిగి అదే పని చేయండి.