కడసారి చూపుకు మూడు వారాల గడువా?

చావు కబురు వస్తే తెలుగిళ్లలో పిలుపు కోసం ఎవరూ ఆగరు. పెళ్లికి పిలిస్తే వెళ్తాం, చావుకు పిలవకపోయినా వెళ్తాం. పొయ్యి మీది గిన్నె దించేసి, కట్టుబట్టలతో బస్సెక్కుతాం. బస్సు దొరక్కపోతే అర్ధరాత్రయినా కారు మాట్లాడుకుంటాం. పాడె లేచేలోపు చేరుకోవాలన్నదొక్కటే ధ్యాస.

ఆ ఇల్లు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో ఉందనుకుందాం. బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్న కూతురి దగ్గర ఉంటున్న తల్లి కన్నుమూసింది. అల్లుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి పాస్‌పోర్టు ఉంది, టికెట్‌కు డబ్బుంది, ఆఫీసులో సెలవూ ఇచ్చారు. వీసా మాత్రం లేదు. అత్తగారు పోయిన అల్లుడిగా, తల్లిని పోగొట్టుకున్న భార్యకు భర్తగా అతన్ని గుర్తించే గడి ఆ దేశపు వీసా వ్యవస్థలో ఎక్కడా లేదు. విహారయాత్రకు వెళ్లేవారు నింపే ఫారమే అతనూ నింపాలి. వాళ్లు నిలబడే వరసలోనే నిలబడాలి. వాళ్లకు లేని అనుమానం ఒకటి అదనంగా మోయాలి.

ఈ పద్ధతి అన్యాయం. కుటుంబంలో మరణం సంభవించినప్పుడు జీవిత భాగస్వామికి ఇచ్చే సందర్శక వీసాను మిగతా సందర్శక వీసాల నుంచి వేరు చేయాలి. దానిపై రెండు రోజుల్లో నిర్ణయం చెప్పాలి. త్వరగా చూసినందుకు అదనపు రుసుము వసూలు చేయకూడదు. ఇది బ్రిటన్‌ను మాత్రమే అడగాల్సిన మాట కాదు, మన దేశాన్నీ అడగాలి. ముందు బ్రిటన్ సంగతి చూద్దాం.

సందర్శక వీసా దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపి, ప్రైవేటు ఏజెన్సీ నడిపే వీసా కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. అక్కణ్నుంచి మామూలు లెక్కన నిర్ణయానికి మూడు వారాలు పడుతుంది. ఇంగ్లండ్‌లో మరణానికీ అంత్యక్రియలకూ మధ్య సాధారణంగా రెండు మూడు వారాల వ్యవధి ఉంటుంది. మరణ నమోదు, వైద్యుల ధ్రువీకరణ, శ్మశానవాటికలో సమయం దొరకడం, అన్నీ పూర్తయ్యేసరికి అన్ని రోజులవుతాయి. మన దగ్గర మర్నాటికే అయిపోయే దహనం అక్కడ ఆలస్యమవుతుంది కాబట్టి, దూరాన ఉన్నవారు అందుకోవడానికి నిజానికి అవకాశం ఎక్కువే. ఆ అవకాశాన్ని వీసా గడువు మింగేస్తోంది. మూడు వారాలకు చేతికొచ్చే వీసాతో వెళ్లేది చల్లారిన ఇంటికే. పదో రోజు, పెద్దకర్మ కూడా అప్పటికి దాటిపోయి ఉంటాయి.

తొందరగా కావాలంటే మార్గం లేకపోలేదు. 500 పౌండ్లు అదనంగా కడితే అయిదు పనిదినాల్లో, 1,000 పౌండ్లు కడితే మరుసటి పనిదినానికి నిర్ణయం చెప్పే సేవలున్నాయి. మామూలు వీసా రుసుముకు ఇది అదనం. ఆ రుసుమును 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లకు పెంచారు. వెయ్యి పౌండ్లంటే లక్ష రూపాయల పైమాట. వ్యాపారి ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వెళ్తూ కట్టే రుసుమునే, అత్తగారిని సాగనంపడానికి వెళ్లే అల్లుడి దగ్గరా వసూలు చేస్తున్నారు. అంత కట్టినా వీసా వస్తుందన్న భరోసా లేదు. కొనుక్కునేది త్వరితంగా చెప్పే జవాబునే. ఆ జవాబు 'కాదు' అనీ కావచ్చు. మానవీయ కారణాలతో ఒక దరఖాస్తును ముందుగా చూసే విచక్షణ అధికారులకు ఉన్నమాట నిజమే. విచక్షణ అంటే దయ. ఎదుటివారు దయ తలిస్తే తప్ప అందనిదాన్ని ఏర్పాటు అనలేం.

రుసుము కంటే పెద్ద గాయం అనుమానం. సందర్శక వీసా నిబంధనల్లో మొదటి షరతు, వచ్చినవారు గడువులోగా తిరిగి వెళ్తారని అధికారికి నమ్మకం కలగడం. అది సహేతుకమైన షరతే. భార్యాభర్తల విషయంలో మాత్రం ఇది వింతగా పనిచేస్తుంది. భార్య బ్రిటన్‌లో ఉందంటే భర్త వెనక్కి రావడానికి కారణం తక్కువని అధికారి లెక్కవేయవచ్చు. ఏ బంధం వల్ల అతను బయల్దేరాల్సి వచ్చిందో ఆ బంధమే అతనికి అడ్డు పడుతుంది. పెళ్లి కాకుండా కలిసి బతుకుతున్నవారి పరిస్థితీ ఇంతే. బంధం బలంగా రుజువైనకొద్దీ తిరిగిరాడన్న సందేహమూ బలపడుతుంది.

భార్యాభర్తలు వేర్వేరు దేశాల్లో ఎందుకున్నారన్న ప్రశ్న కూడా ఇక్కడ వేసుకోవాలి. బ్రిటన్‌లో ఉన్నవారు జీవిత భాగస్వామిని కాపురానికి తెచ్చుకోవాలంటే కనీస ఆదాయం చూపాలి. 2012 జులైలో దాన్ని ఏటా 18,600 పౌండ్లుగా పెట్టారు. 2024 ఏప్రిల్ 11 నుంచి 29,000 పౌండ్లు చేశారు. అదే ఏడాది జనవరి నుంచి పరిశోధన కోర్సులు మినహా చాలామంది విదేశీ విద్యార్థులకు కుటుంబాన్ని వెంట తెచ్చుకునే వీలు తీసేశారు. మార్చి 11 నుంచి వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకు కొత్తగా వచ్చేవారికీ ఆ తలుపు మూసేశారు. తెలంగాణ, ఆంధ్ర పల్లెల నుంచి అప్పులు చేసి వెళ్లినవారిలో ఈ రెండు వర్గాలవారూ ఉన్నారు. అంటే దంపతులను వేరుచేసింది నిబంధనలే. వేరుగా ఉన్నారు కాబట్టి నమ్మలేమంటున్నదీ అవే.

మోసాలు జరగవా, మరణం పేరు చెప్పి వచ్చి ఉండిపోయేవారు ఉండరా అని అధికారులు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కానీ మరణం కన్నా తేలికగా నిర్ధారించుకోగలిగిన కారణం మరొకటి లేదు. విదేశీ దరఖాస్తుదారు మామూలుగా చూపే కాగితాలన్నీ పరాయి దేశపువి: జీతం చీటీ, బ్యాంకు ఖాతా, ఆస్తి పత్రం. వాటి నిజానిజాలు తేల్చడం కష్టమన్నది ఆ దేశం తరచూ అనే మాటే. బ్రిటన్‌లో జరిగిన మరణానికి ఆధారం మాత్రం బ్రిటన్ చేతిలోనే ఉంటుంది. మరణాన్ని నమోదు చేసేది వారి రిజిస్ట్రారే. పార్థివదేహాన్ని ఉంచిన అంత్యక్రియల నిర్వాహకుడు వారి వీధిలోనే ఉంటాడు. శ్మశానవాటిక సమయం రాసిన పుస్తకమూ అక్కడే ఉంటుంది. ఒక్క ఫోను చేస్తే తేలిపోతుంది. ఇక వచ్చినవారు ఉండిపోతారన్న భయానికి చట్టంలోనే మందుంది. సందర్శక వీసా మీద వెళ్లినవారు అక్కడే ఉండి భార్య లేదా భర్త వీసాకు మారడానికి నిబంధనలు ఒప్పుకోవు, వెనక్కి వచ్చి దరఖాస్తు చేసుకోవాల్సిందే. చాలదంటే నెల రోజుల గడువు పెట్టమనండి, తిరుగు టికెట్ చూపమనండి. ఏ షరతు పెట్టినా వెళ్లేవాడు సంతోషంగా ఒప్పుకుంటాడు. అతనికి కావాల్సింది భార్య పక్కన నిలబడే ఆ కొద్ది రోజులు.

తిరస్కరణ వస్తే ఏం దారి? ఇక్కడ ఒక చరిత్ర ఉంది. సందర్శకులకు అప్పీలు హక్కును బ్రిటన్ 1993లో తీసేసింది. కుటుంబాన్ని చూడటానికి వచ్చేవారికి అది అన్యాయమని గుర్తించి, 1999 వలస చట్టం కింద 2000 అక్టోబరులో వారి వరకు ఆ హక్కును తిరిగి ఇచ్చింది. 2013 జూన్‌లో మళ్లీ తీసేసింది. ఇవాళ తిరస్కరణకు గురైనవారు సాధారణంగా మళ్లీ రుసుము కట్టి కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి, లేదంటే వేల పౌండ్లు పోసి కోర్టులో న్యాయసమీక్ష కోరాలి. భార్యను చూడటానికి వెళ్లే భర్త వీసా విషయంలో కుటుంబ జీవన హక్కు వర్తించవచ్చని అక్కడి ఎగువ ట్రిబ్యునల్ 2015లో చెప్పింది. ఆ మాట పట్టుకుని పోరాడి గెలిచేసరికి ఏ సంవత్సరీకమో వస్తుంది. అంత్యక్రియల విషయంలో ఆలస్యంగా దక్కిన గెలుపు ఎవరికీ అక్కరకు రాదు. ఈ ఒక్క తరహా వీసాకైనా తిరస్కరణ కారణం అదే రోజు రాతపూర్వకంగా ఇచ్చి, మరో అధికారి 24 గంటల్లో దాన్ని పునఃపరిశీలించాలి.

ఇది చేతకాని పని కాదు. బ్రిటనే చేసి చూపింది. ఐరోపా సమాఖ్య 2004లో తెచ్చిన ఆదేశం ప్రకారం, సమాఖ్యలోని మరో దేశానికి వెళ్లి ఉంటున్న ఐరోపా పౌరుల జీవిత భాగస్వాములకు ప్రవేశ వీసాను ఉచితంగా, వీలైనంత త్వరగా ఇవ్వాలి. బ్రిటన్ సమాఖ్య నిబంధనల్లో ఉన్న 2020 చివరి వరకూ దీన్ని పాటించింది. లండన్‌లో ఉంటున్న ఫ్రెంచి మహిళను పెళ్లాడిన భారతీయుడికి రుసుము లేకుండా కుటుంబ అనుమతి దొరికేది. అదే వీధిలో ఉన్న బ్రిటిష్ మహిళ భర్తకు ఆ వీలు లేదు. సొంత పౌరుల కన్నా పొరుగుదేశం వారికి మెరుగైన మర్యాద అన్నేళ్లూ అందింది. అప్పుడు కుదిరిన వేగం ఇప్పుడు, అదీ చావు వేళ, ఎందుకు కుదరదో అక్కడి హోంశాఖ చెప్పాలి.

అమెరికా కథ కొంత వేరు. అక్కడ అంత్యక్రియల కోసం అత్యవసర ఇంటర్వ్యూ తేదీ అడిగే వీలుంది. అడిగేది తేదీ వరకే, వీసా మళ్లీ అధికారి ఇష్టం. పౌరులకు తమ విదేశీ జీవిత భాగస్వామిని దేశంలోకి అనుమతించాలని కోరే ప్రాథమిక హక్కు రాజ్యాంగంలో లేదని ఆ దేశ సుప్రీంకోర్టు 2024 జూన్‌లో తేల్చింది. కోర్టులు తప్పుకున్నాక మిగిలేది పాలకుల మనసే, అందుకే ఒత్తిడి పెట్టాల్సింది అక్కడ.

మన ఇంటి సంగతీ దాచుకోకూడదు. గుంటూరులో మామగారు పోతే, విదేశీ పౌరురాలైన కోడలు ఎలా రావాలి? ఈ-వీసాకు ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు దరఖాస్తు చేయమంటాం. మన దహనం మర్నాడే. భారతీయుల విదేశీ జీవిత భాగస్వామికి, వీసా లేకుండా వచ్చిపోయే వీలిచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు రావాలంటే పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాలి. ఆ రెండేళ్లలో వచ్చే చావుకు ఆమె మనకు పరాయిదేనా? మన రాయబార కార్యాలయాలు సెలవుదినాల్లోనూ అత్యవసర వీసాలు చూస్తాయి, వాటిలోని సిబ్బంది చాలాచోట్ల ఓపిగ్గానే సాయపడతారు. ఆ ఏర్పాటును ఒక అధికారి మంచితనానికి వదిలేయకుండా, జీవిత భాగస్వామికి ఒకే రోజులో వీసా అన్న లిఖిత నియమంగా మార్చాలి. మనం ముందు చేస్తేనే ఎదుటివారిని అడిగే నోరు మనకుంటుంది.

ఈలోగా ఈ పరిస్థితి ఎదురైనవారికి ఒక మాట చెప్పక తప్పదు. గాభరాలో కన్సల్టెన్సీల మాట విని, పెళ్లి సంగతి దాచేయమన్నా, రెండు రోజులకు ఖాతాలో డబ్బు చూపిస్తామన్నా ఒప్పుకోవద్దు. అబద్ధం బయటపడితే పదేళ్ల పాటు బ్రిటన్ సందర్శక వీసా దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. అంత్యక్రియల నిర్వాహకుడి లేఖ, వివాహ ధ్రువపత్రం, సెలవు మంజూరు చేస్తూ కంపెనీ ఇచ్చిన పత్రం, అక్కడున్న భాగస్వామి స్వయంగా రాసిన ఉత్తరం జతచేయండి. మున్ముందు అక్కడ కాపురం పెట్టాలన్న ఉద్దేశం ఉంటే ఉందనే రాయండి. ఈసారి వెళ్తున్నది ఎందుకో, ఏ తేదీకి తిరిగొస్తారో కూడా రాయండి. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కిరాని టికెట్ కొనవద్దు.

శ్మశానవాటికల్లో ఇప్పుడు ప్రత్యక్ష ప్రసారాలున్నాయి కదా, ఫోనులో చూడొచ్చు కదా అనేవారున్నారు. తల్లి శవపేటిక తెర వెనక్కి జారుతున్నప్పుడు ఆ కూతురు ఎవరి భుజం మీద వాలాలి? కెమెరా భుజం ఇవ్వదు.

2021 మేలో భారత్, బ్రిటన్ వలసలపై ఒక భాగస్వామ్య ఒప్పందం చేసుకున్నాయి. ఏటా 3,000 మంది యువ నిపుణులకు అవకాశం, అందుకు బదులుగా అక్రమంగా ఉంటున్న మన పౌరులను వెనక్కి తీసుకోవడానికి మన అంగీకారం అందులో ఉన్నాయి. 2025 జులై 24న వాణిజ్య ఒప్పందం మీదా సంతకాలయ్యాయి. సరకులకు సుంకాలెంతో గంటలకొద్దీ మాట్లాడుకున్న రెండు ప్రభుత్వాలకు, చావింటికి వెళ్లే మనిషి గురించి ఒక పేరా రాసుకోవడం భారం కాదు. తమవారు ఉండిపోతే వెనక్కి తీసుకుంటామని మాటిచ్చిన దేశంగా, ఆ పేరాను అడిగే బలం మనకుంది. తెలుగు రాష్ట్రాల ఎంపీలు దీన్ని పార్లమెంటులో లేవనెత్తాలి. విదేశాంగ శాఖ తదుపరి సమావేశపు అజెండాలో చేర్చాలి: రెండు దేశాల్లో ఎక్కడ మరణం సంభవించినా జీవిత భాగస్వామికి 48 గంటల్లో నిర్ణయం, అదనపు రుసుము లేకుండా, 30 రోజుల బసకు.