ఆ అంకె ఆమెకూ తెలియాలి

ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిస్తే చాలు, పలకరింపుకి వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే: "ఏ స్టేజీ?" ఆ సంగతి డాక్టరుగారు భర్తకో కొడుక్కో చెబుతారు. మంచం మీదున్న ఆవిడకి మాత్రం "ఏం లేదమ్మా, చిన్న గడ్డ" అని సర్దిచెబుతారు. తన ఒంట్లో ఏముందో తనకే తెలియకూడదా?

స్టేజీ అంటే బతికే రోజుల లెక్క కాదు. జబ్బు ఎందాకా పాకిందన్న లెక్క. గర్భసంచి లోపలి పొరలో పుట్టే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌నే చూడండి. స్థూలంగా చెప్పాలంటే, గర్భసంచి దాటకపోతే మొదటి స్టేజీ. గర్భసంచి ముఖద్వారంలోకి దిగితే రెండోది. అండాశయాలు, యోని, దగ్గరి లింఫు గ్రంథుల దాకా వస్తే మూడోది. మూత్రాశయం, పేగుల లోపలి పొరలకో, ఊపిరితిత్తులు, కాలేయం వంటి దూరపు చోట్లకో చేరితే నాలుగోది.

1988కి ముందు పైపరీక్షలతోనే స్టేజీ చెప్పేవారు. ఆ ఏడాది నుంచి, ఆపరేషన్ చేసి తీసిన భాగాల్ని మైక్రోస్కోపులో చూశాకే తేలుస్తున్నారు. స్కానింగ్ ఇచ్చేది అంచనాయే. కాబట్టి ఆపరేషన్ తర్వాత అంకె మారితే, జబ్బు రాత్రికి రాత్రి పెరిగిపోయిందని హడలిపోనక్కర్లేదు. 2023లో అంతర్జాతీయ స్త్రీవైద్య నిపుణుల సమాఖ్య 'ఫిగో' ఈ లెక్కను మళ్లీ సవరించింది. ఎంత దూరం పాకిందన్నదే కాదు, కణాలు ఎంత మొండివన్నదీ చూడమంది. మొండి రకం కణాలు గర్భసంచి కండరంలోకి దిగితే, బయటికి పాకకపోయినా ఇప్పుడు రెండో స్టేజీయే.

ఊరటనిచ్చే మాట ఒకటుంది. ఈ జబ్బు ఎక్కువమందిలో మొదటి స్టేజీలోనే దొరుకుతుంది. ఎందుకంటే ముందుగానే హెచ్చరిస్తుంది. ముట్లుడిగాక మళ్లీ ఎరుపు కనిపించడమే ఆ హెచ్చరిక. అలా కనిపించిన వాళ్లలో చాలామందికి క్యాన్సర్ ఉండదు. అయినా ఒక్క చుక్కే కదా అని, వేడి చేసిందని, పిల్లల ముందు చెప్పుకోవడానికి సిగ్గని నెలలు గడిపేయకండి. పాప్‌స్మియర్ బాగానే ఉందని ఊరుకోవద్దు, అది ముఖద్వారానికి చేసే పరీక్ష. అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. అవసరమంటే లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

జబ్బు ఉందని తేలితే డాక్టరుగారిని మీరే అడగండి. స్టేజీ ఎంత? గ్రేడు ఎంత? కండరంలో సగం దాటి లోతుకి దిగిందా? లింఫు గ్రంథుల్లో ఏమైనా కనిపించిందా? తర్వాత రేడియేషన్ కావాలా వద్దా అన్నది చాలావరకు ఈ జవాబుల మీదే ఆధారపడుతుంది.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. డాక్టరు గదిలోకి మీరొక్కరే వెళ్లకండి, ఆవిడనీ తీసుకెళ్లండి. నొప్పి భరించేది ఆవిడే అయినప్పుడు, నిజం వినే హక్కూ ఆవిడదే.