ఎలుక మేతలోని కొలత

పరీక్షలు సమీపించినంతనే బలమునకని పిల్లలకు ఖనిజముల మాత్రలు కొనిపెట్టు తలిదండ్రులు మన కోనసీమలోను కలరు. ఆ మాత్రలలో తరచుగా నుండు సెలీనియమునుగూర్చి ఎలుకలిచ్చిన సాక్ష్యము వినదగినది.

పూర్వము దానిని పశువులను చంపు విషముగానే యెరిగియుండిరి. 1957లో అమెరికాలో ష్వార్జ్, ఫోల్ట్జ్ అను శాస్త్రజ్ఞులు, ఒకవిధమగు ఈస్టు మేతచే కాలేయము చెడి చచ్చుచుండిన ఎలుకలకు దానిని లేశమాత్రముగా నొసగగా ఆ వ్యాధి రాకపోయెను. కిలోగ్రాము మేతలో మిల్లీగ్రాములో పదవవంతు చాలును. 5 మిల్లీగ్రాములైనచో ఎదుగుదల తగ్గి, మునుపు కాపాడబడిన కాలేయమే చెడును. పులుసులో ఉప్పెక్కువైన నాలుక చెప్పును. ఇచ్చట చెప్పువారు లేరు!

కావున "ప్రయోగశాలలో నిరూపితము" అను మాట చాలదని మా యభిప్రాయము. ఎంత మోతాదున నిరూపితమో అడుగవలెను. లోపమున్న ఎలుకకు కలిగిన మేలు లోపములేని బాలునకు కలుగునన నేల? 2008లో అమెరికాలో ఒక ద్రవౌషధమున, చీటీపై వ్రాసినదానికి 200 రెట్లు సెలీనియము పడగా, త్రాగినవారిలో పెక్కుమందికి జుట్టు రాలి గోళ్లు చెడెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు దినమునకు 40 మైక్రోగ్రాములు చాలుననుచున్నది. చేపలు, గ్రుడ్లు తిను ఇంట అది చాలవరకు కంచములోనే యుండును. మాత్ర కొనుటకు ముందు అట్టపైనున్న అంకెను వైద్యునకు చూపుడని తలిదండ్రులను కోరుచున్నాము.