శక్తి పాఠం మన పిలకాయలకు మన తీరం నుంచే మొదలు కావాలి

కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఒప్పుకోకపోతే ఎందుకో కింద రాయండి, మాట్లాడుకుందాం.

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. బళ్లో చెప్పే "శక్తి రూపాలు, విద్యుత్తు" పాఠం మన పిలకాయలకు మన నేల నుంచి, మన పనుల నుంచి మొదలు పెట్టి చెప్పాలి. ఇది గొప్పలు చెప్పుకోడానికి కాదు. ఈ పాఠం అర్థం కాకపోతే మనకు పోయేది మార్కులు మాత్రమే కాదు, ఒక్కోసారి ప్రాణం కూడా.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. హాస్టల్ నుంచి సెలవులకు పోయినప్పుడు కాలనీలో పిలకాయల్ని కూర్చోబెట్టి "శక్తి అంటే ఏంది?" అని అడుగుతా ఉంటాను. "పని చేయగల సామర్థ్యమే శక్తి" అని ఒకే గొంతుతో అంటారు. ఒక్క అక్షరం తప్పు పోదు. "మరి మీ నాయన ఎలుకల కలుగుకు పొగ పెట్టినప్పుడు అందులో ఏ శక్తి ఉంది?" అంటే నవ్వుతారు. అది కూడా సైన్సేనా అన్నట్టు చూస్తారు. జబ్బు ఇక్కడే ఉంది. సైన్సు అంటే వేరేవాళ్ల ఇంట్లో ఉండే వస్తువు అనుకుంటున్నారు. అట్లా అనుకున్నవాళ్లు ఎనిమిదికో తొమ్మిదికో బడి మానేస్తారు.

శ్రీహరికోటనే చూడండి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న దీవి. అక్కడ యానాదులు ఉండేవాళ్లు. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ పుస్తకాల్లో యానాదులు రెండు పుల్లలతో నిప్పు పుట్టించే పద్ధతి రాసి ఉంది. ఒక పుల్లకు గుంట చేసి కింద అదిమిపట్టడం, ఇంకో పుల్లను ఆ గుంటలో నిలబెట్టి రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పడం. పాఠం ప్రకారం చెప్తే, తిన్న తిండిలోని రసాయన శక్తి చేతుల్లో కదలిక అయింది. కదలిక రాపిడి వల్ల వేడి అయింది. నిప్పు అంటుకున్నాక కట్టెలోని రసాయన శక్తి వేడిగా, వెలుతురుగా బయటికి వచ్చింది. "శక్తిని పుట్టించలేం, నాశనం చేయలేం, రూపం మార్చగలం" అనే మాట మొత్తం ఆ రెండు పుల్లల్లో ఉంది.

అదే దీవిని 1969లో రాకెట్ల కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. ఆ దీవే ఎందుకు? ఒక కారణం శక్తికి సంబంధించిందే. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ నేల వేగం పెరుగుతుంది. శ్రీహరికోట దగ్గర అది సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పు వైపుకు వదిలిన రాకెట్‌కు అంత వేగం ఊరికే కలిసొస్తుంది. పైగా తూర్పున అంతా సముద్రం, కాబట్టి కింద పడే భాగాల వల్ల ఊళ్లకు ప్రమాదం లేదు. అంటే ఆ నేల ఉన్న చోటే ఒక ఆస్తి. ఆ ఆస్తి దేశానికి పోయింది, అక్కడి కుటుంబాల్లో చాలామంది వేరే చోట్లకు మారారు. రాకెట్ మీద నాకు కోపం లేదు. కానీ ఈ పాఠం చెప్పేటప్పుడు ఈ మాట కూడా మన పిలకాయలకు తెలియాలి.

ఇప్పుడు పొగ కుండకూ రాకెట్‌కూ తేడా ఏంది? కుండలో ఎండుగడ్డి మండాలంటే మనం గాలి ఊదాలి. గడ్డిలో ఇంధనం ఉంది గానీ కావాల్సిన ఆక్సిజన్ గాలిలో ఉంది. రాకెట్ పైకి పోయే కొద్దీ గాలి ఉండదు. అందుకే ఘన ఇంధనంలో రబ్బరు లాంటి పదార్థం, అల్యూమినియం పొడితో పాటు ఆక్సిజన్ ఇచ్చే అమ్మోనియం పెర్‌క్లోరేట్ కూడా కలిపి గట్టిపరుస్తారు. ఊపిరి కూడా మూటగట్టుకుని పోయే కుండ అన్నమాట. ఇట్లా చెప్తే ఐదో తరగతి పిల్లోడికి కూడా అర్థమవుతుంది.

2023 జూలై 14న చంద్రయాన్-3ని తీసుకుపోయిన ఎల్‌వీఎం-3 బరువు సుమారు 640 టన్నులు. అది మోసిన చంద్రయాన్ నాలుగు టన్నుల లోపు. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం ఇంధనమే. ఇంధనాన్ని మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది. చిన్న లెక్క వేద్దాం. ఒక కిలో వస్తువు సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతా ఉంటే దాని గతిశక్తి ఎంత? కరెంటు లెక్కలో సుమారు 8 యూనిట్లు. దారిలో వృథా అయ్యేది దీనికి ఎన్నో రెట్లు, అది వేరే సంగతి. అదే 8 యూనిట్లతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే దాదాపు ఆరు నెలలు వస్తుంది. ఒక పాప ఆరు నెలల చదువు.

చంద్రుడి మీద తిరిగిన ప్రజ్ఞాన్ రోవర్ సోలార్ పలక 50 వాట్లది. మన ఇళ్లలో తిరిగే మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. ఈ ముక్క చెప్పి చూడండి, పిలకాయల కళ్లు ఎట్లా పెద్దవవుతాయో.

మరి కరెంటు ఎట్లా వస్తుంది? దానికీ దూరం పోనక్కర్లేదు. ఇదే తీరంలో కృష్ణపట్నం దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది, 800 మెగావాట్ల యూనిట్లు మూడు. బొగ్గులోని రసాయన శక్తి వేడి అవుతుంది, వేడికి నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది, కరెంటు వస్తుంది. అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని దగ్గర ఒకటి కదిలితే కరెంటు పుడుతుందని ఫారడే 1831లోనే కనిపెట్టాడు. ఆ కేంద్రానికి పేరున్న సంజీవయ్య గారు ఆంధ్రప్రదేశ్‌కు మొదటి దళిత ముఖ్యమంత్రి. ఈ సంగతి కూడా ఆ పాఠంలోనే చెప్పొచ్చు.

ఇక ప్రాణం సంగతి. ఈ తీరంలో మనవాళ్లు చాలామంది రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటారు. గుంట పక్కనే గుడిసె, పక్కనే ఏరియేటర్ల మోటార్లు, తడి నేల మీద వైర్లు. మంచినీళ్ల కంటే ఉప్పునీళ్లలో కరెంటు ఇంకా బాగా పారుతుంది. ఉప్పులోని అయాన్లే కారణం. పై తరగతుల పుస్తకంలో ఇది ఒక ప్రయోగంగా ఉంటుంది, పరీక్షకు రెండు మార్కులు. గుంట గట్టు మీద ఆడుకునే పిల్లోడికి అది రెండు మార్కుల ప్రశ్న కాదు. అట్లే అడవి పందుల కోసం చేల చుట్టూ దొంగతనంగా కరెంటు తీగలు లాగేవాళ్లు ఉన్నారు. రాత్రిపూట ఎలుకలకో చేపలకో పోయేది ఎవరు? మనమే. తడి కాళ్లతో, లైటు లేకుండా.

కాబట్టి ప్రతి ఇంట్లో ఈ నాలుగు మాటలు తెలిసి ఉండాలి. తెగిన తీగ దగ్గరికి పోవద్దు, 1912కి ఫోన్ చేయాలి. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టి లాగొద్దు, ముందు మెయిన్ ఆపాలి. ఆపడానికి వీలు లేకపోతే పొడి నేల మీద నిలబడి పొడి కట్టెతో తీగను తొయ్యాలి. అది మోటారుకో ఇంటికో వచ్చే మామూలు వైరైతేనే, పెద్ద లైన్ తీగ అయితే కట్టె కూడా కాపాడదు. ఆ వెంటనే 108.

కొందరు అంటారు, "ఇంకా పుల్లలు, పొగ కుండలు అంటా కూర్చుంటే మనల్ని మ్యూజియంలో పెడతారు, పిలకాయలకు కావాల్సింది కోచింగ్" అని. కోచింగ్ కావాలి, కాదనను. కానీ పునాది లేకుండా కోచింగ్ నిలబడదు. నేను చెప్పేది పుల్లల దగ్గర ఆగిపొమ్మని కాదు, పుల్లల నుంచి మొదలై క్రయోజెనిక్ ఇంజన్ దాకా పొమ్మని. తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవడమే చదువు. పట్నం పిల్లోడికి మిక్సీ, లిఫ్టు చూపించి చెప్తే తప్పు కానప్పుడు, మనకు మన పనిముట్లు చూపించి చెప్తే వెనకబాటు ఎట్లా అవుతుంది?

ఇంకోటి. పాఠంలో వలయం పూర్తయితేనే బల్బు వెలుగుతుందని చదువుతాం, ఒక్క చోట తెగినా వెలగదు. మన రాష్ట్రంలో ఎస్టీ కాలనీల్లో ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం ఉంది. కానీ చెరువు కట్ట మీద, కాలువ గట్టు మీద ఉండే కుటుంబానికి పట్టా లేదు, కొందరికి ఆధార్ కూడా లేదు. కాగితం లేక మీటర్ లేదు, మీటర్ లేక ఉచితం లేదు. ఎక్కడ తెగిందో వెతకడం ఆ పాఠమే నేర్పుతుంది. మన ఇళ్ల విషయంలో కూడా అదే వెతకాలి.

నా ప్రతిపాదన చిన్నదే. 2011 లెక్కల్లోనే మన యానాదులు 5 లక్షలకు పైగా ఉన్నారు, కాలేజీకి వచ్చినవాళ్లం ఎంతో కొంతమందిమి ఉన్నాం. ఎరుకల, సుగాలి, చెంచు తమ్ముళ్లు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. ఈ సంక్రాంతి సెలవుల్లో ఒక్కొక్కరం మన కాలనీలో రెండు సాయంత్రాలు ఇద్దాం. మొదటి సాయంత్రం శక్తి రూపాలు. పొగ కుండ, ఉండేలు, సైకిల్ డైనమో చాలు. రెండో సాయంత్రం కరెంటు. ఒక సెల్లు, చిన్న బల్బు, రెండు వైర్లు, గ్లాసులో ఉప్పునీళ్లు చాలు. గోడ ప్లగ్గు జోలికి మాత్రం పోవద్దు. పిలకాయలతో పాటు అమ్మానాయనల్ని కూడా కూర్చోబెట్టండి. అదే రోజు ఎన్ని ఇళ్లకు మీటర్ లేదో, ఏ కాగితం దగ్గర ఆగిందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ లెక్కలు ఇక్కడ పెడితే, అందరం కలిసి ఐటీడీఏకూ కరెంటు ఆఫీసుకూ ఒకే అర్జీ రాద్దాం.

ఏ కాలనీలో ఎవరు చెప్తారో కింద రాయండి. నా కాలనీ నేను చూసుకుంటాను.